మొగలి పొదలో దొరికిన రాలీ: ఉప్పు తీయడం నుంచి రోడ్డెక్కే దాకా

మొదటి దశ: ఉన్నదేమిటి, పోయిందేమిటి

అంతర్వేదికి తూర్పున తీరం వెంట సరుగుడు తోటలు ఉన్నాయి. వాటిలో ఒకదాని సరిహద్దు గట్టు మీద, మొగలి పొద లోపల, ఎడమ పక్కకు ఒరిగి పడి ఉంది ఈ పాత రాలీ సైకిలు. దొరికినప్పటి సంబరం గురించి ఇక్కడ రాయను. ఇలాంటిదే మరొకరికి దొరికితే ఏ పని ముందు చేయాలో, ఏ పని దండగో తెలియడానికే ఈ డైరీ.

తోట రైతును అడిగాను. 1996 నవంబరు తుఫానుకు గట్టు మీది తాటాకు పాక కూలిపోయిందట. సైకిలు దాని కింద ఉండిపోయింది. కాపలా ఉన్న కుటుంబం ఆ తర్వాత ఊరు వదిలింది. పాక కుళ్ళిన చోట మొగలి కమ్ముకుంది.

"తీసుకుపోండి మాస్టారూ, మాకెందుకండీ అది! చెయ్యి పెట్టే ముందు మాత్రం కర్రతో కదపండి. ఆ పొదలో తాచులు తిరుగుతాయి."

ఆయన సరేనన్నా ఒక కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకున్నాను. ఫ్రేము నంబరు కనిపించాక అదీ ఆ కాగితం మీదే రాశాను. పాత సైకిలే కదా అనుకోకండి, రేపు ఎవరైనా మాదేనని వస్తే ఆ కాగితమే అక్కరకు వస్తుంది.

బయటికి తీసిన పద్ధతి:

1. మొగలి ఆకుల అంచుకు ముళ్ళుంటాయి. పొడవు చేతుల చొక్కా, తోలు చేతి తొడుగులు తప్పవు. ముందు చుట్టూ కొమ్మలు నరికించాలి.
2. సైకిలును లాగకూడదు. ఇసుకలో కూరుకున్న భాగం బలహీనంగా ఉంటుంది, లాగితే విరుగుతుంది. చేత్తో ఇసుక తోడి కింద పలక పెట్టి ఎత్తాలి.
3. రాలిన ముక్కలన్నీ ఒక సంచిలో వేసుకోవాలి. మట్టిగడ్డ అనుకున్నదాంట్లో నాకు బ్రేకు కడ్డీల మలుపు ముక్క దొరికింది. అది కొత్తది దొరకడం కష్టం.

ఇంటికి తెచ్చాక లెక్క చూస్తే తేలింది ఇది. ఫ్రేము 24 అంగుళాలది. చైన్ చక్రంలో మూడు కొంగ తలలు చెక్కి ఉన్నాయి, ఇంగ్లండు కంపెనీ రాలీకి అది ఆనవాలు. ముందు బిళ్ళను తుప్పు సగం తినేసినా కింద కంపెనీ ఊరి పేరు 'నాటింగ్‌హామ్' చదవగలిగాను. రెండు రిమ్ములూ పోయాయి, ఇసుకలో ఉన్న సగభాగం ఎర్రటి పొడి అయింది. మడ్‌గార్డులు జల్లెడ. సీటుకు తోలు లేదు, స్ప్రింగులు మాత్రం ఉన్నాయి. చైనును పూర్తిగా కప్పే రేకు పెట్టె లోపల పాత నూనె గట్టిపడి నల్లటి జిగురుగా ఉంది. చైనూ చైన్ చక్రమూ బతికింది దానివల్లే. హ్యాండిలూ బ్రేకు కడ్డీలూ పైకి ఉన్నందువల్ల పర్వాలేదు.

ఖర్చు: పొద కొట్టిన కూలి 400, ఆటో 250. ఇప్పటివరకు మొత్తం: 650 రూపాయలు.

రెండో దశ: విడదీయడం

పావు వంతు బోల్టులు డీజిలు పోసి రాత్రంతా ఉంచితే వచ్చాయి. తుప్పు వదిలించే స్ప్రే మరికొన్నిటికి పనిచేసింది. అసలు తగువంతా కాటర్ పిన్నుల దగ్గర.

క్రాంకును, అంటే పెడల్ తగిలించే చేతిని, ఇరుసుకు బిగించేది ఈ పిన్నే. ఊళ్ళో షాపుల్లో సుత్తితో కొట్టి తీస్తారు. కొత్త సైకిలుకు అది నడుస్తుంది. ఇంతగా తుప్పు పట్టినదానికి కొడితే పిన్ను తల పుట్టగొడుగులా విచ్చుకుని రంధ్రంలో మరింత బిగుసుకుంటుంది, దెబ్బంతా ఇరుసును పట్టి ఉంచే కప్పుల్లోని గోళీల బాట మీద పడుతుంది. జీ క్లాంపుతో నొక్కి చూశాను. కుడిది టప్పుమని వచ్చింది. ఎడమది క్లాంపునే వంచింది. వేడి చేసి నొక్కినా లొంగలేదు. చివరికి డ్రిల్లు పెట్టాల్సి వచ్చింది.

1. పిన్ను నడుమ పంచితో గుర్తు కొట్టాలి.
2. 3 మి.మీ. బిట్టుతో ఆ చివర దాకా.
3. తర్వాత 5, ఆ తర్వాత 7 మి.మీ. పిన్ను లావు 9.5 మి.మీ. కాబట్టి అక్కడ ఆగిపోవాలి.
4. మిగిలిన గొట్టం లాంటి తొడుగు నొక్కితే నలిగి బయటికి వస్తుంది.

బిట్టు కొంచెం పక్కకు జారినా క్రాంకు రంధ్రం చెడుతుంది. చేతి డ్రిల్లు కన్నా స్టాండు డ్రిల్లు నయం. తీరిక ఉంటే సైకిలునే దాని దగ్గరికి మోసుకెళ్ళండి.

ఖర్చు: స్ప్రే 280, బిట్లు 340. మొత్తం: 1,270.

మూడో దశ: ఉప్పు

ఈ డైరీలో ఇంకేమీ చదవకపోయినా ఈ భాగం చదవండి.

విడదీసిన కుడి క్రాంకును ఇత్తడి బ్రష్షుతో, ఎమ్రీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, నూనె రాసి గట్టు మీద పెట్టాను. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రాత్రి గడిచేసరికి దాని మీద పసుపు గోధుమరంగు బొట్లు చెమటలా లేచాయి. తుడిస్తే పోయాయి, మళ్ళీ వచ్చాయి.

కారణం క్లోరైడు. సముద్రపు గాలితో వచ్చిన ఉప్పు తుప్పు పొరల కిందకు దిగి ఇనుముతో కలిసి ఫెర్రస్ క్లోరైడుగా ఉంటుంది. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది, ఆక్సిజన్ తగిలితే తుప్పుగా మారుతూ క్లోరైడును తిరిగి వదులుతుంది. ఆ క్లోరైడు కొత్త ఇనుమును పడుతుంది. పైపైన రుద్దితే ఈ చక్రం ఆగదు. దాని మీద రంగు వేస్తే రంగు కింద తిరుగుతూనే ఉంటుంది. మన తీరంలో వంతెన రెయిలింగులకూ ఇంటి గేట్లకూ ఏటా రంగు వేసినా పొక్కులు రావడానికి ఇదీ ఒక కారణం.

అంటే ముందు ఉప్పు పోవాలి. దానికి మంచినీళ్ళు కావాలి. చిక్కు అక్కడే వచ్చింది.

మా బోరు నీళ్ళకు టీడీఎస్ మీటరు (నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచేది) పెడితే 1,840 చూపింది. ఆ నీళ్ళలో నానబెడితే ఉప్పు తీస్తున్నట్టా, పడుతున్నట్టా? కాలువ నీళ్ళు 190. అవి మేలే, కానీ వేసవిలో కాలువలు కట్టేసి ఉంటాయి, అడుగున మిగిలిన మడుగులను నమ్మలేం. డబ్బా నీళ్ళు కొంటే ఒక తొట్టికే వందలు. అందుకని జూన్ వానల దాకా చిన్న భాగాలతోనే సరిపెట్టుకుని, వానలు మొదలయ్యాక చూరు నీళ్ళు పట్టాను. మొదటి వాన వదిలేయాలి, పెంకుల మీది దుమ్మూ ఉప్పూ దాంతో పోతాయి. తర్వాత పట్టిన నీళ్ళు 22 చూపాయి.

తొట్టికి డబ్బు పెట్టలేదు. రొయ్యల చెరువుల అడుగున పరిచే మందపాటి షీటు తునక తెచ్చి, పెరట్లో 120 సెం.మీ. పొడవు, 80 వెడల్పు, 20 లోతున గుంట తీసి పరిచాను. దాదాపు 190 లీటర్లు పట్టింది. ఫోర్కు తీసేసిన ఫ్రేము అందులో పడుకుంటుంది.

1. లీటరుకు 10 గ్రాముల చొప్పున చాకలి సోడా. అంటే ఈ గుంటకు సుమారు 2 కిలోలు. సోడా నీళ్ళలో ఇనుము కొత్తగా తుప్పు పట్టదు, లోపలి క్లోరైడు మాత్రం మెల్లగా బయటికి వస్తుంది.
2. గుంట అంచుల చుట్టూ 8 మి.మీ. పాత ఇనుప ఊచలు. అన్నిటినీ ఒకే తీగతో కలపాలి. అవి ఫ్రేముకు ఎక్కడా తగలకూడదు.
3. 12 వోల్టుల బ్యాటరీ చార్జరు. మైనస్ తీగ ఫ్రేముకు, ప్లస్ తీగ ఊచలకు. తారుమారైతే ఫ్రేమే కరుగుతుంది.
4. పైకి వచ్చే బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది. పని ఆరుబయటే జరగాలి, దగ్గర్లో బీడీ కూడా వద్దు. నీళ్ళలో చెయ్యి పెట్టేముందు చార్జరు ఆపాలి.
5. ఊచలకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టవద్దు. దానిలోని క్రోమియం విషపూరితమైన రూపంలో నీళ్ళలోకి వస్తుంది. అదే జాగ్రత్తతో క్రోమ్ పూత ఉన్న హ్యాండిలునూ ఇందులో వేయలేదు. స్ప్రింగులూ వేయలేదు, హైడ్రోజన్ పీల్చిన గట్టి ఉక్కు పెళుసు అవుతుంది.

మొదట 6 ఆంపియర్లు లాగింది. సాయంత్రానికి 2కు పడిపోయింది. ఊచల మీద ఎర్రటి బురద పేరుకోవడమే కారణం. గీకేస్తే మళ్ళీ 6. ఫ్రేములో ఊచకు ఎదురుగా ఉన్న వైపే బాగా శుభ్రపడుతుంది, కాబట్టి రోజుకోసారి తిప్పి పెట్టాలి. నల్లటి మెత్తని పొర మిగులుతుంది, అది కొబ్బరి పీచుతో రుద్దితే పోతుంది. మిగిలి ఉన్న నల్ల రంగూ బంగారు గీతలూ కూడా విద్యుత్తు పెట్టడంతో ఊడిపోయాయి. వాటిని కాపాడాలంటే విద్యుత్తు లేకుండా వట్టి సోడా నీళ్ళలో నెలల తరబడి నానబెట్టాలి. ఫ్రేము మొత్తం మీద రంగు నిలిచింది అరచేయంత మేర. దాని కోసం అంతకాలం ఆగడం నాకు అర్థం లేనిదనిపించింది.

ఉప్పు పోయిందని తెలిసేదెలా? టీడీఎస్ మీటరు ఇక్కడ చేతులెత్తేస్తుంది. సోడా వేసిన నీళ్ళలో సోడాయే వేలల్లో చూపిస్తుంది, అందులో ఉప్పు వాటా ఎంతో తేలదు. పదో తరగతి పిల్లలకు చెప్పే పరీక్షే దారి చూపింది.

1. తొట్టి నీళ్ళు పరీక్షనాళికలో ఒక అంగుళం మేర.
2. పొంగు ఆగేదాకా పలుచని నత్రికామ్లం చుక్కచుక్కగా. సోడా విరగడానికి ఇది.
3. సిల్వర్ నైట్రేట్ ద్రావణం రెండు చుక్కలు. తెల్లటి అవక్షేపం వస్తే క్లోరైడు ఉన్నట్టే.
4. పక్కన వాన నీళ్ళలో అదే సోడా కలిపి ఇదే పరీక్ష చేయాలి. చాకలి సోడాలోనే కొంత ఉప్పు ఉంటుంది. ఆ తేడా తెలియకపోతే పరీక్ష ఎప్పటికీ ముగియదు.

సిల్వర్ నైట్రేట్ చేతికి తగిలితే చర్మం నల్లబడి వారాలు ఉంటుంది, జాగ్రత్త. మొదటి తొట్టి నీళ్ళు చిక్కగా తెల్లబడ్డాయి. నీళ్ళు మార్చిన కొద్దీ పలుచనయ్యాయి. రెండు నాళికల మధ్య తేడా కంటికి తెలియనప్పుడు ఆపాను. ఆ తర్వాత వాన నీళ్ళతో కడిగి, ఎండలో వేడెక్కేలా ఆరబెట్టి, వేడి మీదే నూనె గుడ్డతో తుడిచాను. చెమట పట్టిన ఆ క్రాంకును కూడా ఇందులోనే వేసి తీశాను. శ్రావణం ముసురులో వారం బయట ఉంచినా బొట్టు లేవలేదు.

హ్యాండిలు, కడ్డీలు, బెల్లు వంటి క్రోమ్ సామానుకు నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం). లీటరు నీటికి 50 గ్రాములు, గంటల లెక్కన, కంటి ముందే. పాత పూతకు కన్నాలుంటే ఆమ్లం కిందకు దిగి పూతను లేపుతుంది. తీసిన వెంటనే సోడా నీళ్ళలో ముంచాలి. చింతపండు రుద్దమని చాలామంది చెప్పారు. చేసేది అదే పని, కానీ చింతపండులో ఉప్పు కలిపి అమ్ముతారు, అది మళ్ళీ మొదటికి తెస్తుంది.

ఖర్చు: సోడా 4 కిలోలు 240, షీటు 200, చార్జరు అద్దె 500, ఊచలు 150, నిమ్మ ఉప్పు 220. ఈ దశకు 1,310. మొత్తం: 2,580.

నాలుగో దశ: ఫ్రేముకు అతుకు

శుభ్రపడ్డాక అసలు రూపం తెలిసింది. సూదిమొన ఇనుపపుల్లతో గొట్టాలన్నీ పొడుస్తూ పోయాను. సీటు గొట్టం, కింద గొట్టం గట్టిగా ఉన్నాయి, బయటి కొలత 28.6 మి.మీ. చెక్కుచెదరలేదు. ఎడమ వెనక కింది గొట్టం మాత్రం పెడల్ ఇరుసు గూడు దగ్గర పుల్లకు లోపలికి దిగిపోయింది. మంచి చోట గోడ మందం 1.2 మి.మీ., ఇక్కడ 0.5. సైకిలు ఎడమ పక్కకు ఒరిగి ఉండడం వల్ల ఏళ్ళ తరబడి నీళ్ళు ఆ మూలే నిలిచాయి.

కరెంటు వెల్డింగు వద్దు. అంత పలుచని గొట్టానికి కన్నం పడుతుంది, పక్కనే ఉన్న ఇత్తడి అతుకు కూడా చెడుతుంది. రాలీ ఫ్రేములు ఇత్తడితో అతికినవే, బాగు చేయడమూ ఇత్తడితోనే. పాత ఇనుము కొట్లో విరిగిన దేశీ సైకిలు నుంచి అదే లావు గొట్టం కోయించాను. కుళ్ళిన 90 మి.మీ. తీసేసి, లోపల బిగుతుగా కూర్చునే చిన్న గొట్టం పెట్టి, వెలిగారం చల్లి, గ్యాసు మంటతో ఇత్తడి పారించారు.

చల్లారాక దారం పరీక్ష. వెనక చక్రం కూర్చునే ఒక చీలికకు దారం కట్టి, హ్యాండిలు గొట్టాన్ని చుట్టి రెండో చీలికకు బిగించాలి. సీటు గొట్టానికి రెండు వైపులా దారం ఎంత దూరంలో ఉందో కొలవాలి. కుడి 31 మి.మీ., ఎడమ 36. అంటే వెనక భాగం పక్కకు తిరిగింది. సరుగుడు బాద ఒకటి చీలికల మధ్య దూర్చి, ఒకరు ఫ్రేము పట్టుకోగా మెల్లగా వంచాం. ఇప్పుడు 33, 34. అంతకన్నా తేవాలని పోలేదు, కొత్త అతుకును పదేపదే వంచడం మంచిది కాదు.

ఖర్చు: అతుకు 900, పాత గొట్టం 150. మొత్తం: 3,630.

ఐదో దశ: 26 మరల కప్పు

పెడల్ ఇరుసు రెండు కప్పుల మధ్య తిరుగుతుంది. కుడి కప్పుకు ఎడమ చేతి మర, సాధారణంగా దాన్ని కదపరు. లోపల తుడిచి చూస్తే గోళీల బాట నునుపుగానే ఉంది, అలాగే వదిలేశాను. ఎడమ కప్పు బాటలో గుంటలు. షాపు నుంచి కొత్త కప్పు తెచ్చి తిప్పితే రెండు చుట్లు వెళ్ళి ఆగింది. ఇంకాస్త బలం పెడితే ఫ్రేము మరలు చిరుగుతాయి. బిగుసుకుంటే తుప్పేమో అనుకుని పానా పొడవు పెంచేవాళ్ళు ఉంటారు. దయచేసి ఆగి కొలవండి.

పాత కప్పు మీద పది మరల పొడవు 9.8 మి.మీ. షాపు కప్పు మీద 10.6. అంటే పాతది అంగుళానికి 26 మరలు, కొత్తది 24. రాలీ కంపెనీ నాటింగ్‌హామ్‌లో ఇక్కడ తన సొంత 26 మరల కొలతే వాడేది. మిగతా ఇంగ్లీషు సైకిళ్ళకు 24. 1949లో మద్రాసులో మొదలైన టీఐ, 1951లో సోనీపత్‌లో మొదలైన అట్లాస్, 1956లో లూధియానాలో మొదలైన హీరో వంటి కంపెనీల నల్ల సైకిళ్ళతో మన బజారంతా నిండింది, షాపుల్లో దొరికే కప్పులు 24 మరలవే. విచిత్రం ఏమిటంటే, ఇదే సైకిలు వెనక హబ్బుకు ఫ్రీవీల్ మర 24. అక్కడ దేశీ ఫ్రీవీల్ హాయిగా కూర్చుంది.

గూడుకు కొత్తగా 24 మరలు కోయవచ్చు కదా అన్నారొకరు. అడ్డుకొలత ఒకటే, అంతరం వేరు. కోస్తే రెండు మరలూ ఒకదాన్నొకటి తినేసి నున్నటి రంధ్రం మిగులుతుంది.

రాజోలులో రొయ్యల చెరువుల ఏరేటర్ల శాఫ్టులు బాగు చేసే లేత్ మేస్త్రి గారి దగ్గరికి వెళ్ళాను.

"ఇరవై ఆరు ఎవరు కోస్తారండీ ఈ రోజుల్లో? నా పట్టికలో లేదది."

పట్టికలో లేకపోయినా లెక్కలో ఉంది. ఆయన లేత్‌లో కత్తిని జరిపే పొడవాటి మర కడ్డీ, లీడ్ స్క్రూ, అంగుళానికి 4 మరలది. 26 రావాలంటే 4/26, అంటే 2/13 నిష్పత్తి కావాలి. పెట్టెలో 65 పళ్ళ చక్రం ఉంటే పని అయినట్టే:

1. స్పిండిలు వైపు 20 పళ్ళ చక్రం, అది తిప్పేది 65.
2. 65తో ఒకే ఇరుసు మీద 50, అది తిప్పేది 100.
3. 20/65ను 50/100తో హెచ్చిస్తే 2/13.

కాగితం మీద చూసి ఆయన చక్రాలు మార్చారు. ముందు నాసిరకం కడ్డీ మీద పలుచగా గీత గీయించి, పాత కప్పు మరలను దానికి ఆనించి వెలుతురుకు పెట్టి చూశాం. సందు లేదు. కత్తి కోణం 60 డిగ్రీలు. 55 డిగ్రీలది బిగించి ఉంటే మార్పించండి.

ఉక్కు విషయంలో రాజీ కుదరదు. మెత్తని ఇనుముతో చేస్తే గోళీలు కొన్ని నెలల్లో కాలువ తవ్వేస్తాయి. రాజమండ్రి నుంచి ఈఎన్ 31 కడ్డీ తెప్పించాను, బేరింగులకు వాడే ఉక్కు అది. మొదటి కప్పు చక్కగా వచ్చింది, బిగింపు గుంటలతో సహా. ఎర్రగా కాల్చి బకెట్టు నీళ్ళలో వేస్తే ఆ గుంట దగ్గరే చిట్లింది. ఈ ఉక్కును నూనెలో చల్లార్చాలి. రెండోదాన్ని అయస్కాంతం అంటుకోనంత వేడికి తెచ్చి, ఇంకాస్త ఎర్రబడనిచ్చి, వాడేసిన ఇంజను ఆయిల్లో ముంచాం. తర్వాత మెరుగు పెట్టి, గడ్డిరంగు తేలేదాకా సన్న సెగ. ఆకురాయి దాని మీద జారిపోయింది, గీత పడలేదు. గోళీల బాటను చెక్కపుల్లకు చుట్టిన సన్న ఎమ్రీతో తిప్పి నునుపు చేశాం. చిట్లిన ముక్కకు మేస్త్రి గారు డబ్బు తీసుకోలేదు.

గోళీలు పావు అంగుళానివి, ఒక్కో వైపు 11. పాత ఇరుసే పెట్టాను. గూడు వెడల్పు 71 మి.మీ., షాపు ఇరుసులు 68 మి.మీ. గూడుకు చేసినవి.

ఖర్చు: కడ్డీ 450, లేత్ కూలి 1,500, సైకిలు మొత్తానికి గోళీలు 180, కాటర్ పిన్నులు 60. ఈ దశకు 2,190. మొత్తం: 5,820.

ఆరో దశ: చక్రాలు

ఇక్కడ మన దేశంలో ఉండడం అదృష్టం. 28 × 1½ టైరు, ముందు 32, వెనక 40 రంధ్రాల రిమ్ము మన పాత సైకిలు షాపుల్లో ఇప్పటికీ దొరుకుతాయి. హబ్బులు పాతవే. ముందు గోళీలు 3/16 అంగుళం, పక్కకు 10. వెనక పావు అంగుళం, పక్కకు 9. హ్యాండిలు గొట్టానికి 5/32, పైన 25, కింద 25. ముందు ఇరుసు, కోనులు మార్చాను.

స్పోకులు అల్లించి బెండు తీయించేటప్పుడు ఒక మాట గట్టిగా చెప్పాలి. కడ్డీ బ్రేకుల రబ్బర్లు రిమ్ము పక్కలను పట్టవు, లోపలి నుంచి బయటికి నొక్కుతాయి. కాబట్టి చక్రం పక్కకు ఊగితే కొంత సర్దుకోవచ్చు, పైకీ కిందికీ ఎగిరితే మాత్రం బ్రేకు ప్రతి చుట్టుకూ ఒకసారి పట్టి వదులుతుంది. షాపుల్లో పక్క ఊపు చూసి వదిలేస్తారు. ఎగురుడు 1 మి.మీ. లోపు వచ్చేదాకా నేను లేవలేదు. బెండు తీసే ఆయనకు విసుగు వచ్చింది, టీ తెప్పించాను.

ఖర్చు: రిమ్ములు 1,100, స్పోకులు 430, టైర్లు ట్యూబులు 1,300, 18 పళ్ళ ఫ్రీవీల్ 180, ఇరుసు కోనులు 220, కూలి 400. ఈ దశకు 3,630. మొత్తం: 9,450.

ఏడో దశ: రంగు, బ్రేకులు, మిగతావి

గొట్టాల లోపలికి అవిసె నూనె పోసి, అన్ని వైపులకూ తిప్పి, ఒక రోజు ఒంపి పెట్టాను. ఆరి పొరగా కడుతుంది. కోనసీమలో ఎవరిని అడిగినా కొబ్బరి నూనె అంటారు. అది ఆరదు, దుమ్ము పడుతుంది, కొన్నాళ్ళకు ముక్కవాసన. తలకే ఉంచుకుందాం. పైన జింకు ప్రైమరు, దాని మీద కుంచెతో నల్ల ఎనామిల్ రెండు పూతలు. తళతళలాడే స్ప్రే రంగు కన్నా ఇది చిట్లిన చోట అద్దుకోవడం తేలిక.

బ్రేకు రబ్బరుకూ రిమ్ముకూ మధ్య 3 మి.మీ. వదిలాను. పొదలో దొరికిన మలుపు ముక్క మళ్ళీ తన చోటే చేరింది. సీటు మామూలు స్ప్రింగు సీటు కొన్నాను; పాత స్ప్రింగులు దాచాను. పెడళ్ళు, చైను షాపువే. మడ్‌గార్డులు ప్రస్తుతానికి లేవు.

ఖర్చు: రబ్బర్లు 120, కడ్డీల బోల్టులు 350, సీటు 650, చైను 200, పెడళ్ళు 260, ప్రైమరు 380, ఎనామిల్ 290, అవిసె నూనె 210. ఈ దశకు 2,460. మొత్తం: 11,910. ఈ డబ్బుకు కొత్త సైకిలే వచ్చేది కదా అంటారు. వచ్చేది.

ఎనిమిదో దశ: రోడ్డు మీద తేలినవి

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించి నరసాపురం వెళ్ళి, చించినాడ వంతెన మీదుగా తిరిగి వచ్చాను. తేలినవి:

ఎడమ పెడల్ దగ్గర టిక్కుమనే చప్పుడు. కొత్త కాటర్ పిన్ను ఉక్కు మెత్తన, చదును భాగం నలిగి వదులైంది. ఆకురాయితో మళ్ళీ చదును చేసి, క్లాంపుతో నొక్కి, ఆ తర్వాతే నట్టు బిగించాలి. నట్టు పిన్నును పట్టి ఉంచుతుంది, లోపలికి లాగడం దాని పని కాదు.

గేరు బరువు ఎక్కువ. చైన్ చక్రం 46, ఫ్రీవీల్ 18. టైరు చుట్టుకొలత 2.23 మీటర్లు కాబట్టి పెడల్ ఒక చుట్టుకు 5.7 మీటర్లు. ఈ సీమలో ఎత్తు అంటే వంతెనలే; అవి దిగి నడిపించవచ్చు. సముద్రపు ఎదురుగాలి అలా వదలదు. 20 పళ్ళ ఫ్రీవీల్ వేస్తే 5.1 మీటర్లకు దిగింది, మోకాళ్ళు ఒప్పుకున్నాయి. చైను లింకు కలపనక్కర్లేదు, చక్రం 6 మి.మీ. ముందుకు జరిపితే చాలింది. ఫ్రీవీల్ 190. మొత్తం: 12,100.

తడి రిమ్ము మీద బ్రేకు దాదాపు లేనట్టే. ఇది లోపం కాదు, క్రోమ్ పూసిన ఉక్కు రిమ్ము స్వభావమే అంత. వానలో ఆగాల్సిన చోటికి చాలా ముందే పట్టుకోవాలి.

వానాకాలం చివర ఫ్రేమంతా వెతికితే ఒకేచోట పసుపు బొట్టు కనిపించింది, ఎడమ అతుకు కింద. గీకి చూస్తే వెలిగారం గాజుపెంకులా మిగిలి ఉంది. అది తేమ పీలుస్తుంది. రంగు వేయకముందే మరిగే నీళ్ళతో, బ్రష్షుతో మొత్తం తీసేయాలి. అక్కడ రంగు గీకి, వేడినీళ్ళతో కడిగి, సిల్వర్ నైట్రేట్ పరీక్ష చేశాను. క్లోరైడు లేదు. ప్రైమరు, రంగు మళ్ళీ అద్దాను.

మిగిలిన పనులు: మడ్‌గార్డులు, డైనమో లైటు, పాత స్ప్రింగుల మీదికి మందపాటి తోలు. ఎడమ కప్పును వంద కిలోమీటర్లకోసారి విప్పి బాట చూస్తున్నాను. రెండోసారి చూసినప్పుడు గోళీల గీత సమానంగా మెరుస్తోంది, గుంట లేదు. 26 మరల కప్పు కావాలన్నవాళ్ళకు మేస్త్రి గారు ఆ నాలుగు చక్రాల లెక్కను లేత్ మూత లోపల సుద్దతో రాసి ఉంచారు.